సంతకు రాని వారాలు

"రెండు రోగాలు ఒకటేనని తేల్చడానికి ఎన్ని పోలికలు కలవాలి గురువుగారూ?" అని సంత ముందురోజు విరూపాక్షం అడిగాడు. అడగడమే గానీ, జవాబు ముందే సిద్ధం చేసుకొచ్చిన ధోరణి. శిష్యుడు చురుకైనవాడే, కాదనను. ఆ చురుకే కొంప ముంచింది.

శరభయ్యగారి వైద్యశాలకు చుట్టుపక్కల ఊళ్ల జనం సంతరోజున వస్తారు. వచ్చినప్పుడల్లా వాళ్ల బాధా, ఇచ్చిన మందూ ఎవరి చీటీలో వాళ్లకి రాసిపెడతారు. ప్రశ్నకి ప్రశ్నతోనే బదులివ్వడం ఆయనకి అలవాటు. కల్వంలో మందు నూరుతూ, "నీకెన్ని కలిశాయి?" అన్నారు.

విరూపాక్షం రెండు చీట్లు పక్కపక్కన పరిచాడు. తవిటమ్మకి ముందు కాళ్ల వాపు, తర్వాత ఆయాసం. నూకాలమ్మకీ అంతే. మందు మొదలెట్టాక తవిటమ్మ కొన్ని వారాలు రాలేదు, నూకాలమ్మా రాలేదు. రెండు చీట్లలోనూ ఆ వారాలు ఒకేలా తెల్లగా ఉన్నాయి.

"ఆ వారాల్లో తవిటమ్మకి నెమ్మదించి, కూతురి పురిటికి వెళ్లొచ్చింది. అందుకే తిరిగొచ్చాక తమరు మందు సగానికి తగ్గించారు. పోయిన సంతకి తమరు ఊళ్లో లేరు. నూకాలమ్మ తిరిగొస్తే నేనూ సగమే ఇచ్చి పంపాను."

నూరే చెయ్యి ఆగిపోయింది. "పద," అంటూ గురువుగారు చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరారు.

నూకాలమ్మ మొగుడు సింహాద్రి ఈతచాపలు అల్లుకునే మనిషి. గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రాని వారాలా? మంచం దిగనేదు బాబూ. సంతకి సాపలు మొయ్యాలా, దాన్ని మొయ్యాలా? పోయిన సంతకి ఎవులిదో బండి దొరికితే ఎక్కించుకొచ్చినాను," అన్నాడు. లోపల ఆమె పడుతున్న ఆయాసం గుమ్మం దాకా వినిపిస్తోంది.

గురువుగారు పూర్తి మోతాదు తన చేత్తోనే పట్టి, మంచం పక్కనే కూర్చుండిపోయారు. అప్పటికే మించిపోయింది. తెల్లారేసరికి నూకాలమ్మ పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది.

తిరిగొస్తూ దారిలో విరూపాక్షం భోరుమన్నాడు. "నా ఎదురుగానే కూర్చుంది గురువుగారూ. తవిటమ్మని తమరడిగినట్టు, రాని వారాల్లో ఎలా ఉన్నావమ్మా అని నేనూ ఒక్కమాట అడిగుంటే..."

ఇద్దరూ వైద్యశాల చేరారు. శరభయ్యగారు గొళ్లెం తీస్తూ శిష్యుడి వైపు తిరిగారు.

"తవిటమ్మని నేనూ అడగలేదోయ్," అన్నారు. "ఆవిడ నోరున్న మనిషి, తనే చెప్పింది."