ఉక్కా, వెదురా?

కొమురయ్యకు మూడు నెలలుగా తిన్నది ఒంటబట్టడం లేదు. కారణం ఒక సైకిల్. అదీ ఇంకా పుట్టని సైకిల్.

అడవి అంచున తొమ్మిది గూడేలకు అతను టపా మోస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు రెండంగుళాలు పొట్టిగా మిగిలింది. కొట్లో దొరికే సైకిల్ మీదే నడుం వంకర తిప్పుకుని పన్నెండేళ్లు తొక్కాడు. ఇట్లాగే తొక్కితే ఏడాదిలో తుంటి అరిగిపోతుందని, ఒంటికి సరిపోయేటట్టు ఒకటి చేయించుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. సైకిల్ తొక్కలేకపోతే ఆ కొలువు ఉండదు. కొమురయ్యకు వేరే పని రాదు.

పట్నంలో అట్లా చేసేవాళ్లు ముగ్గురున్నారు. ఉక్కు ఫ్రేమైతే విరిగినా ఏ ఊళ్లోనైనా అతుకు పడుతుందన్నాడు మొదటివాడు. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదన్నాడు రెండోవాడు. మధ్యలో ఊరి బడిపంతులు ఫోన్ తీసి, వెదురు ఫ్రేముకు రాళ్లబాటలో అదురే ఉండదని చూపించాడు. ఎవరి మాట వాళ్లకు గొప్ప. విన్నకొద్దీ కొమురయ్యకు మతి పోయింది. చివరికి గురువు దగ్గరికి వచ్చాడు.

గురువు ఎల్లదాసుకు మఠమేమీ లేదు. పొద్దున బోధ చెబుతాడు, తర్వాత బజార్లో కుట్టుమిషన్ ముందు కూర్చుంటాడు.

"మీరే చెప్పుర్రి అయ్యా. మీరు ఏదంటే అది చేయించుకుంట."

"ముగ్గురని చెప్పినవు. మూడోవాడేమన్నడు?"

కొమురయ్య ముఖం మాడిపోయింది. "వాని ముచ్చటొద్దు. ఏ ఫ్రేము మంచిదని అడిగితే, నడిచి చూపించమన్నడు. నా కుంటి నడక వానికి తమాషా. లేచి వచ్చేసిన."

ఎల్లదాసు సూదిలో దారం ఎక్కించుకున్నాడు. "సరే. నీకొక అంగీ కుడత. గుడ్డ ఏరుకో."

కొమురయ్య బిత్తరపోయాడు. సైకిల్ గురించి అడిగితే అంగీ ఏమిటి? అయినా గురువు మాట తీసెయ్యలేక గుడ్డల అల్మారా ముందు నిలబడ్డాడు. ఖద్దరు మంచిదే గాని బరువు. పాలిస్టర్ తేలికే గాని చెమట పీల్చదు. దీన్ని తీసి, దాన్ని పెట్టి, మళ్లీ దీన్నే తీశాడు. ఇక్కడా తేలలేదు. తన మీద తనకే విసుగొచ్చి, ఒక నీలం నూలుగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఎల్లదాసు గుడ్డ పరిచాడు. కత్తెర అందుకున్నాడు. సుద్దతో గీతైనా గీయకుండా అంచు మీద కత్తెర వేశాడు.

"అయ్యా, ఆగుర్రి. కొలతలు తీసుకోలే."

"గుడ్డ మంచిదే గద?"

"గుడ్డ మంచిదైతే ఏం లాభం? నా ఎడమ భుజం కిందికుంటది. నన్ను చూడకుండ కోస్తే నాకెట్ల పడ్తది?"

ఎల్లదాసు కత్తెర పక్కన పెట్టి మెడలోని టేపు తీశాడు.

"ఆ గడప దాక నడిచి రా. భుజం ఎట్ల ఊగుతదో చూస్త."

కొమురయ్య కదల్లేదు. పట్నంలో విన్నదీ ఈ మాటే. ఆ రోజు ఆ మూడోవాడు నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఒకవైపే అరిగిన కొమురయ్య చెప్పులను చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

సిగ్గుతో కొమురయ్య చెవులు వేడెక్కాయి. మెల్లగా గడప దాకా నడిచాడు. ఎప్పుడూ మనుషుల ముందు చేసేటట్టు కుంటును అణచుకోలేదు. కాలు ఎట్లా పడితే అట్లాగే పడనిచ్చాడు. ఎల్లదాసు చూస్తూ ఉన్నాడు.

తిరిగి వచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఆ మూడో ఆయన ఉక్కుతోటి చేస్తడో వెదురుతోటి చేస్తడో నేను అడగనే లేదు."

ఎల్లదాసు అతని ఎడమ భుజం మీద టేపు ఆనించాడు.

"ముందు పోయి నడిచి చూపియ్యి. అది తర్వాత అడుగు."