జాంగీర్ ఉస్తాద్ సోంపు డబ్బా

దసరా నాడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు వ్యాను డ్రైవరు రాజమల్లు మనసంతా, అదే ఓనరు దగ్గర ఇంకో బండి నడిపే సదయ్య మీదే ఉంది. తనవి ఏడు ట్రిప్పులు, సదయ్యవీ ఏడే. పండగ రెండు రోజుల్లో ఎక్కువ ట్రిప్పులు కొట్టినవాడికే కొత్త మినీ బస్సు తాళం అని ఓనరు చెప్పాడు. దానికోసం రాజమల్లు రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. టీ మీద టీ తాగి నెట్టుకొస్తున్నాడు.

ఎంత తొందరున్నా నిమ్మకాయల సంగతి మాత్రం వదలలేడు. పండగ పూట చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి, అదీ జాంగీర్ ఉస్తాద్ చేత్తో పెట్టించాలి. రాజమల్లుకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. నలభై ఏళ్ళు లారీ నడిపి, ఇప్పుడు సిద్దిపేట బస్టాండు పక్కన పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు.

పదకొండు మంది ప్యాసింజర్లతో వ్యాను దుకాణం ముందు ఆగింది. బండికి బంతిపూల దండలు ఎన్ని కట్టాడంటే, ముందు అద్దంలో చూడ్డానికి జానెడు సందు మిగిలింది.

"జల్ది పెట్టు ఉస్తాద్. సదయ్య ముంగటవడుతడు."

ఉస్తాద్ పూల వంక చూశాడు. రాజమల్లు ఎర్రటి కళ్ళ వంక చూశాడు. దుకాణంలోకి వెళ్ళొచ్చి, బండి ముందు నిలబడి, వంగి, లేచి పక్కకు తప్పుకున్నాడు.

"ఇగ తొక్కియ్."

బండి కదిలింది. టైరు కింద టప్పుమంది. రాజమల్లు స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని సంతోషంగా దిగాడు.

నిమ్మకాయలు నాలుగూ ఉస్తాద్ అరచేతిలోనే ఉన్నాయి.

టైరు కింద ఉన్నది సోంపు డబ్బా. నలభై ఏళ్ళు లారీలో ఉస్తాద్ పక్కనే తిరిగిన ఇత్తడి డబ్బా అది. రేకులా అణిగిపోయింది.

"అయ్యో, ఉస్తాద్! నాకు జెప్పకుంట పెడితివి!"

ముందు సీట్లో ఉన్న కనకవ్వ తల బయటపెట్టింది. "గట్లంటవేంది బిడ్డా? నీకు సూపెట్టే కింద పెట్టిండు. నువ్వు అటే సూస్తున్నవ్. కండ్లు తెరిచే ఉన్నయ్."

రాజమల్లు అణిగిన డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. ఆ జానెడు సందులో ఉస్తాద్ నిలబడటం గుర్తుంది. తర్వాత టప్పుమన్న చప్పుడు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

ఉస్తాద్ బండి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు. దుకాణంలో చాప పరిచాడు.

"మరి బస్సు, ఉస్తాద్?"

ఉస్తాద్ చాప చూపించాడు. ప్యాసింజర్లందరికీ టీ చెప్పాడు. ఊళ్ళో జమ్మి పూజకు అందుకుంటామా అని కనకవ్వ గొణిగితే, "అందుకుంటరవ్వా, అందరూ అందుకుంటరు" అన్నాడు.

రాజమల్లు వాలీవాలకముందే గురక మొదలైంది. అవతల సదయ్య హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయినా అతనికి తెలియలేదు.

రెండు గంటల తర్వాత లేచి ముఖం కడుక్కున్నాడు. ఎవరూ చెప్పకుండానే అద్దం మీది దండలు విప్పి బండి వెనక నిచ్చెనకు కట్టాడు. నిమ్మకాయలు అడగబోతే ఉస్తాద్ తల అడ్డంగా ఊపి, తాళం మాత్రం చేతిలో పెట్టాడు.

ప్యాసింజర్లు దిగాల్సిన గుర్రాలపల్లి మలుపులో డప్పులు వినబడ్డాయి. ఊరు ఊరంతా జమ్మికి బయల్దేరింది. రాజమల్లు గేరు తగ్గించాడు. అంతలో తాడు తెంపుకున్న పొట్టేలొకటి రోడ్డు మీదికి ఉరికింది. దాని వెనకే, దాన్ని తప్ప లోకంలో దేన్నీ చూడని ఒక ముసలాయన.

రాజమల్లు బ్రేకు తొక్కాడు. బండి మూరెడు దూరంలో ఆగింది.

ముసలాయన బండిని చూడనైనా లేదు. పొట్టేలు కొమ్ములు పట్టుకుని, దాని వంశాన్నంతా తిట్టుకుంటూ ఈడ్చుకుపోయాడు. వ్యానులో అందరూ లేచి కిటికీల్లోంచి చూశారు. తర్వాత కనకవ్వ వేసిన కేకకు డప్పులే ఆగిపోయాయి.

"మా డ్రైవరు బంగారం!"

బండంతా చప్పట్లు. రాజమల్లుకు కళ్ళు తడిశాయి, నవ్వూ వచ్చింది. పదకొండు మందినీ జమ్మిచెట్టు దగ్గరే దించాడు. ఒక్కొక్కరూ అతని చేతిలో జమ్మి ఆకు పెట్టి కౌగిలించుకున్నారు.

పొద్దుగూకే వేళకు దుకాణానికి తిరిగొచ్చాడు. కొత్త బస్సు తాళం అప్పటికే సదయ్య చేతికి పోయిందని దారిలోనే తెలిసింది. అయినా ఏదో గెలిచినవాడిలా ఛాతీ విరుచుకుని దిగి, ఉస్తాద్ చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకు మొక్కాడు.

"ఎన్ని ట్రిప్పులైనయ్ రా?"

"పదకొండు మంది, ఉస్తాద్."

ఉస్తాద్ జమ్మి ఆకును జేబులో దాచుకున్నాడు. తర్వాత నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టాడు.

రాజమల్లు సీటెక్కాడు. తాళం తిప్పబోయి ఆగాడు. కిందికి దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్ల కిందా వంగి చూసుకుని మళ్ళీ ఎక్కాడు.

ఉస్తాద్ బండిని అరచేత్తో గట్టిగా చరిచాడు.

"రైట్... రైట్!"