పిడికెడు విత్తనం

బంగాళాదుంప పొలం గట్టున మఠం శిష్యుడు చోపెల్ తల పట్టుకుని కూర్చున్నాడు. పొగమంచు వదలక ముసురు పట్టింది. కొండ మీది మళ్లన్నీ నల్లగా మాడి కుళ్లు వాసన కొడుతున్నాయి. చలికాలమంతా మఠానికీ కింది ఊరికీ ఆ దుంపలే తిండి.

కొన్నేళ్ల కిందట ఇదే ఆకుమాడు తెగులు వచ్చినప్పుడు పొలం మొత్తంలో ఒక్క మొక్క పచ్చగా నిలబడింది. దాన్ని కనిపెట్టింది చోపెలే. దాని దుంపలు పెంచి ఇంటింటికీ పంచాడు.

అంతకుముందు నాట్ల వేళ ప్రతి ఇంటివాళ్లూ తమ దుంపలు పిడికెడు తెచ్చి మఠం బుట్టలో పోసేవారు. ఎర్రవీ, నల్లవీ, గుండ్రటివీ, వంకర టింకరవీ అన్నీ కలిపి నాటేవారు. కొత్త దుంపలు పంచాక, "ఆ పాత రోగిష్టివి ఇంకెందుకు? వండుకు తినేయండి" అన్నాడు చోపెల్. పంట బాగా పండింది. ఊరు దండాలు పెట్టింది. అతనికి కళ్లు నెత్తికెక్కాయి.

ఇప్పుడు బురద కాళ్లతోనే గురువు దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, తెగులును తట్టుకున్న మొక్క కదా! ఇప్పుడెందుకు మారిపోయింది?"

"మొక్క మారలేదు. తెగులు మారింది. నువ్వు కొండంతా నాటింది ఆ ఒక్క మొక్కనే."

గురువు మూలనున్న పాత బుట్ట తీసి అతని చేతికిచ్చాడు.

"వెళ్లు. ఇంటింటికీ తిరిగి పాత విత్తనం పిడికెడు అడుగు."

చోపెల్ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట.

"మీరే కదయ్యా వండుకోమన్నారు?"

ఎవరి గొంతులోనూ కోపం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు.

చివరి ఇల్లు ముసలి యాంగ్‌డోల్‌ది. బుట్ట చూడగానే ఆమె తల దించుకుంది.

"మా అత్త ఇచ్చిన దుంపలయ్యా. మీరు వద్దన్నా బూడిదలో దాచాను. కోడలు బాలింత, పాలు పడటం లేదు. పొలం పోయింది కదా, పొద్దున చెక్కు తీసి గంజిలో వేసేశాను."

పొయ్యి పక్కన దుంప చెక్కులు పడి ఉన్నాయి. చోపెల్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకున్నాడు.

మఠంలో గురువు ఆ చెక్కుల్ని వెలుతురులో తిప్పి చూశాడు. కొన్నింటికి కాస్త కండ, మొలకెత్తే కన్ను మిగిలి ఉన్నాయి. వాటిని వేరుచేసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత తానే వెళ్లి చోపెల్ గిన్నెను తెచ్చి, నిండా మట్టి పోసి, ఆ ముక్కల్ని అందులో నాటడం మొదలుపెట్టాడు.

"గురువుగారూ, అది నేను అన్నం తినే గిన్నె."

గురువు తలెత్తలేదు. చివరి ముక్క మీద మట్టి కప్పాడు.

"తెలుసు నాయనా. ఈ చలికాలం దాంతో నీకు పనుండదు."