జోగినాయుడి ఇంటివాళ్ళు పాపకి సీటు బిగించిన వైనం

మా చోడవరంలో అందరికంటే తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఇల్లు చెబుతారు. జోగినాయుడి ఇంటివాళ్ళు మాత్రం ఆలోచించరు. "ఇంకెవరు, మేమే!" అంటారు. వాళ్ళ పక్కిల్లే మాది. మధ్యన నడుమెత్తు గోడ. ఆ గోడ ఉండబట్టి నేను టీవీ కొనలేదు.

జోగినాయుడన్నయ్యది ఒకటే సిద్ధాంతం. "మాటంటే మాటే చెల్లెమ్మా! ఎదుటివాడు ఏం చెబితే అది చెయ్యాలి. దానికింకో అర్థం తియ్యడం బుర్రలేనివాళ్ళ పని" అంటాడు. కొడుకులిద్దరికీ అదే నూరిపోశాడు. పెద్దాడు నూకరాజు, బెల్లం వ్యాపారం. చిన్నాడు సన్యాసి, వాళ్ళన్న వ్యాపారంలో బెల్లం తినడం. మూడేళ్ళ కిందట ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన మనిషి "నేను మళ్ళీ వచ్చేదాకా ఈ స్విచ్చి ముట్టుకోకండి" అన్నాడు. అని గాజువాక కాపురం వెళ్ళిపోయాడు. అంతే! ఆ ఫ్యాను మూడేళ్ళుగా తిరుగుతూనే ఉంది. చలికాలం తలా రెండు దుప్పట్లు కప్పుకుని గజగజ వణుకుతారు గానీ ఆ స్విచ్చి జోలికి మాత్రం వెళ్ళరు.

ఇలాంటి ఇంట్లోకి కోడలుగా వచ్చింది హైమ, పాపం. నూకరాజు భార్య. బంగారం లాంటి పిల్ల, బుర్ర కూడా ఉంది. ఆమెకి అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది, అనకాపల్లిలో పదిహేను రోజులు శిక్షణ. హాస్టల్లోనే ఉండాలి, పిల్లల్ని తేకూడదు. పది నెలల కూతురు అంబిని నా చేతిలో పెట్టి, "అత్తా, ఉగ్గు నువ్వే పెట్టు. వీళ్ళకి చెప్పకు" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. నేనెందుకు చెబుతాను? "పాప ఏడిస్తే ఉగ్గు పెట్టండి" అంటే ఏడ్చేదాకా ఎదురుగా కూర్చుని చూసే రకం వాళ్ళు!

తొమ్మిది రోజులైంది. హైమ ఫోన్ చేసింది. "మావయ్యగారూ, నావల్ల కావట్లేదు. రాత్రి నిద్రలో పక్కన తడుముకుంటున్నాను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదింటిదాకా బయటికి వదులుతారు. అంబిని ఒక్కసారి తీసుకొచ్చి చూపించండి. కానీ ఒళ్ళో పెట్టుకుని కార్లో తేవద్దు. గట్టిగా బ్రేకు కొడితే మన చేతులు ఆపలేవు. పిల్లల సీటొకటి కొని, సరిగ్గా బిగించి తీసుకురండి."

"అంతేనా! నీ మాట జవదాటం" అన్నాడు జోగినాయుడన్నయ్య. అదే కదా భయం!

ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు మంచివాడు. "పాప బరువెంతండీ?" అని అడిగాడు. తెలీదు. సన్యాసి పరుగున వచ్చి అంబిని ఎత్తుకెళ్ళి బెల్లం కాటా మీద కూర్చోబెట్టాడు. ఎనిమిది కిలోలు. పిల్ల కాటాకంటిన బెల్లం నాకి నవ్వుతోందట.

"అయితే ఇది తీసుకోండి. పదమూడు కిలోల వరకూ పనికొస్తుంది" అని ఒక సీటు చూపించి, దుకాణదారు ఓపిగ్గా చెప్పాడు. "పాప ముఖం వెనక్కి ఉండాలి. బిగించాక సీటు కదలకూడదు. పాప బెల్టుకీ ఒంటికీ మధ్య ఒక్క వేలు పట్టాలి, అంతకంటే వదులుండకూడదు." ముగ్గురూ ప్రతి మాటా రెండుసార్లు అప్పజెప్పించుకుని వచ్చారు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలైంది తతంగం. కార్లో సీట్లన్నీ ముందుకే చూస్తున్నాయి కాబట్టి ఇదీ ముందుకి చూసేలానే వెనక పెట్టి, కారు బెల్టుతో బిగించారు. సన్యాసి దానిమీద ఎక్కి లాగాడు, జోగినాయుడన్నయ్య సన్యాసిని పట్టుకుని లాగాడు. సీటు బిర్రుగా కూర్చుంది. "ఇక కారు తియ్యరా, కదులుతుందేమో చూద్దాం" అన్నాడు అన్నయ్య.

నూకరాజు కారు తీశాడు. నాలుగడుగులు వెళ్ళిందో లేదో, వెనకనుంచి పెద్ద కేక. "ఆపరా! కదిలింది!"

"నేను పట్టుకునే ఉన్నాను కదా నాన్నా!" అన్నాడు సన్యాసి.

"నీ మొహం! ఇందాక మెట్ల దగ్గరున్న సీటు ఇప్పుడు కొళాయి దగ్గరుంది. కదలకుండానే వచ్చిందా?"

ఇంకేముంది! కారు వెనక్కి, మళ్ళీ బిగింపు. కారు ముందుకి, మళ్ళీ కేక. ఈసారి సీటు గేటు దాకా "కదిలింది". మూడోసారి కారు చక్రాలకింద రాళ్ళు పెట్టారు. అప్పుడు సీటు కదల్లేదు. ముగ్గురూ చేతులు దులుపుకుని మురిసిపోయారు. "ఇప్పుడు సరిగ్గా కుదిరింది. కానీ అనకాపల్లి ఎలా వెళ్తాం?" అన్నాడు నూకరాజు.

నాకు ఒళ్ళు మండింది. గోడమీంచి అరిచాను. "ఓరి మీ తెలివి తెల్లారా! కారుతోపాటు సీటు కదలదా? కార్లో సీటు అటూ ఇటూ ఊగకూడదనిరా నాయనా!"

"అదా! ఆ మాట ముందే చెప్పొచ్చు కదత్తా" అన్నాడు నూకరాజు, తప్పు నాదే అన్నట్టు.

అంబికి గౌను తొడిగి, కాటుక పెట్టి తెచ్చి నేనే సీట్లో కూర్చోబెట్టాను. సీటు ఎటు చూస్తోందో చూసుకోలేదు, అది నా పొరపాటే. ఇంతలో సన్యాసికి అనుమానం. "నాన్నా, సీటు పదమూడు కిలోలది. పాప ఎనిమిదే. ఐదు తక్కువుంది." నిజమే కదా అనుకున్నారు. పెరట్లోకెళ్ళి ఐదు కిలోల గుమ్మడికాయ కోసి, కాటా వేసి మరీ తెచ్చి పాప పక్కన ఇరికించారు. అంబి దానిమీద దరువేస్తూ ఒకటే కేరింతలు. "చూశావా చెల్లెమ్మా, తూకం సరిపోగానే ఎలా నవ్వుతోందో!" అన్నాడు అన్నయ్య.

తరవాత బెల్టు. ఒక్క వేలు పట్టాలన్నాడు కదా. సన్యాసి చూపుడువేలు దూర్చాడు, పట్టింది. "ఉంచెయ్ రా, తియ్యకు" అన్నాడు జోగినాయుడన్నయ్య. "తీస్తే పట్టినట్టెలా తెలుస్తుంది?" అంతే! సన్యాసి వంకరగా ఒరిగి, వేలు బెల్టుకింద పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "తియ్యరా" అని నేను మొత్తుకుంటున్నా కారు కదిలిపోయింది. అప్పటికి పదిన్నర. అక్కడ పన్నెండయ్యేసరికి తల్లి గేటు దగ్గర కళ్ళు కాయలు కాచేలా చూస్తూ ఉంటుంది కదా!

ఆ తరవాతది నాకు తరవాత తెలిసింది. వినండి. ఊరు దాటగానే జోగినాయుడన్నయ్య వెనక్కి తిరిగి చూసి గుండెలు బాదుకున్నాడు. "నూకా! పాప ముఖం వెనక్కి ఉండాలన్నాడు. మనది ముందుకి చూస్తోంది!"

"పాపని తిప్పి కూర్చోబెడదామా?"

"తిప్పితే ముక్కు సీటుకి ఆనుతుంది. ఊపిరెలా ఆడుతుంది?"

"పోనీ సీటు తిప్పుదామా?"

"బిగించాక సీటు కదలకూడదన్నాడా లేదా? తిప్పితే కదిలినట్టు కాదూ?"

ముగ్గురూ ఆలోచించారు. ముగ్గురి బుర్రలూ ఒకచోట పెడితే ఏమవుతుందో మీకు తెలుసు కదా. నూకరాజు మెరుపులా అన్నాడు. "నాన్నా, పాపని తిప్పకూడదు, సీటు తిప్పకూడదు. కారు తిప్పితే!"

ఇంకేముంది! నడిరోడ్డుమీద కారు అటు తిప్పి, వెనక గేరు వేసి, అనకాపల్లి వైపు వెనక్కి నడపడం మొదలుపెట్టాడు. కారు ముక్కు చోడవరం కేసి, తోక అనకాపల్లి కేసి. పాప ముఖం నిజంగానే వెనక్కుంది! జోగినాయుడన్నయ్య కిటికీలోంచి తల బయటపెట్టి దారి చెబుతుంటే కారు గేదె నడక నడుస్తోంది. పాలక్యాన్ల సైకిలువాడు దాటిపోతూ, "ఏం నాయుడుగారూ, ఇంటికేనా?" అని అడిగాడు. "కాదయ్యా, అనకాపల్లి!" అన్నాడు అన్నయ్య దర్జాగా. ఆ సైకిలాయన తిన్నగా వెళ్ళి చెరుకుబండిని గుద్దుకున్నాడట.

కూడలి దగ్గర కానిస్టేబులు దేముడమ్మ ఆపింది. ఆమెకి ముగ్గురు పిల్లలు, నోరు మహా గట్టిది. కారు చుట్టూ తిరిగి చూసింది. పాప, పాప పక్కన గుమ్మడికాయ, బెల్టుకింద వేలు, ఆ వేలికి వేలాడుతూ సన్యాసి.

"ఎవరయ్యా మీరు? ఏమిటిదంతా?"

జోగినాయుడన్నయ్య మొదట్నుంచీ వివరంగా చెప్పాడు. దేముడమ్మ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఇంకెవరైనా అయితే చలానా రాసి పంపేసేవారు. ఆమె మాత్రం చొక్కా చేతులు పైకి మడిచింది. ముందు గుమ్మడికాయ బయటికి తీసింది. "బ్రేకు కొడితే ఇది లేచి పిల్ల మొహంమీద పడదూ?" తరవాత సన్యాసి వేలు లాగింది, పండుమిరపకాయలా వాచిపోయింది. "వేలు పడుతుందో లేదో చూసి తీసెయ్యాలి!" పాపని దించి, సీటు విప్పి, సీటు వీపు కారు ముందువైపుకి ఉండేలా తిప్పి, మోకాలితో అదిమి బిర్రుగా బిగించింది. "పసిపిల్ల మెడకి బలముండదయ్యా. ఇలా కూర్చుంటే, బ్రేకు పడినప్పుడు దెబ్బంతా ఈ వీపుదన్ను కాస్తుంది. అందుకే వెనక్కి చూడాలనేది. అర్థమైందా?"

"అయింది" అన్నారు ముగ్గురూ.

ఆమెకి నమ్మకం కుదరలేదు. లాఠీ బానెట్టుమీద కొట్టి మరీ చెప్పింది. "వినండి. ఈ పాప ఈ సీట్లో కూర్చుని, ఈ బెల్టు పెట్టుకుంటేనే ఈ కారు కదలాలి. పాప లేకుండా ఒక్క అడుగు కదిలిందో, ముగ్గుర్నీ స్టేషన్లో కూర్చోబెడతాను!" పాప సీట్లో లేకుండా ఒళ్ళో పెట్టుకు తిరుగుతారేమోనని ఆ మహాతల్లి భయం. ఆ మాటన్నది ఎవరితోనో ఆమెకి తెలీదు కదా!

కారు ఈసారి బుద్ధిగా ముందుకి నడిచింది. అనకాపల్లి చేరి, తిరుగుదారికి వీలుగా కారుని చోడవరం వైపు తిప్పి, హాస్టలు గేటు ముందు ఆపేసరికి పన్నెండూ నలభై. హైమ పరుగెత్తుకొచ్చింది. తలుపు తీసి, బెల్టు విప్పి, పిల్లని గుండెకి హత్తుకుంది. అంబి ఒక్క క్షణం ఎవరా అని తేరిపార చూసి, తల్లి మెడలో మొహం దూర్చేసింది. హైమకి ఏడుపాగలేదు. "మరచిపోలేదే నా తల్లి, మరచిపోలేదే!" అంటోంది. నూకరాజు కూడా ముక్కు చీదాడు.

రెండు నిమిషాలైందో లేదో, వెనకనుంచి బయ్యిమని హారన్. చోడవరం బస్సు! ఆ రోడ్డు ఇరుకు. కారు అడ్డం.

"కారు తియ్యవయ్యా! ముందుకి పోనీ!" అని అరిచాడు బస్సు డ్రైవరు.

నూకరాజు స్టీరింగుని రెండు చేతులా కావలించుకున్నాడు. "ఎలా పోనిస్తాను? పాప సీట్లో లేదు!"

బస్సులో జనమంతా కిటికీల్లోంచి తిట్లు లంకించుకున్నారు. జోగినాయుడన్నయ్య చటుక్కున నిర్ణయం తీసుకున్నాడు. "ఒక్క నిమిషం ఇలా ఇవ్వమ్మా" అని హైమ చేతుల్లోంచి అంబిని తీసుకుని, సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, వేలు పట్టించి, వేలు తీసేశాడు. సీటు బిగింపు పరీక్షించాడు. ఒక్క లోపం లేదు! పక్కకి తీసి ఆపుతారు కాబోలు అనుకుంది హైమ. కారు కదిలింది. పక్కకి తియ్యలేదు. మలుపు తిరిగింది. మరి కనపడలేదు.

"మనల్ని ముందుకి పోనిమ్మన్నాడు. ఆగమని అన్నాడా?" అన్నాడట జోగినాయుడన్నయ్య. లేదన్నారు కొడుకులు. అలా పోనిచ్చి పోనిచ్చి చోడవరం వచ్చేశారు. మా గుమ్మం ముందు ఆగారు.

నేను గోడ దగ్గరికి పరుగెత్తాను. "అదేంటి, అప్పుడే వచ్చేశారు? హైమ కడుపారా చూసుకుందా?"

"ఆఁ, రెండు నిమిషాలు చూసింది. బస్సుకి దారివ్వాలని వచ్చేశాం" అన్నాడు అన్నయ్య.

నేను గోడమీద చరిచాను. "రెండు నిమిషాలా! ఇన్నాళ్ళూ ఏడ్చిన తల్లికి రెండు నిమిషాలు చూపించి ఎత్తుకొచ్చేస్తారా? మీరసలు మనుషులేనా? ఉన్నపళాన వెనక్కి తీసుకెళ్ళండి. అనకాపల్లిలో, ఆ గేటు దగ్గర, హైమ చేతిలో పెట్టండి. మధ్యలో ఎక్కడా ఆగారంటే నా మీద ఒట్టే!"

నిజం చెప్పొద్దూ, ఇంతకాలం పక్కింట్లో ఉండీ నాకు బుద్ధి రాలేదు. కోపంలో ఏమన్నానో నాకే తెలీలేదు. పాపకి ఇంత ఉగ్గు పెట్టించి, గుక్కెడు నీళ్ళు పట్టించి, బిగించాల్సినవన్నీ బిగించి, చక్కా వెళ్ళిపోయారు.

అక్కడ హైమ ఊరుకుంటుందా? ఏడుస్తూ ఆ బస్సే ఎక్కేసింది. అది బస్టాండులో ముప్పావుగంట ఆగి, తరవాత ప్రతి ఊళ్ళోనూ ఆగుతూ కదిలింది. ఫోను హాస్టల్లోనే ఉండిపోయింది. చెరుకుతోటల దగ్గర, సగం దారిలో, ఎదురుగా వస్తున్న కారు కనిపించింది. బస్సు ఆపమని డ్రైవర్ని బతిమాలుకుని, దిగీ దిగగానే రోడ్డుమీదికొచ్చి రెండు చేతులూ చాపింది. వెనక కిటికీలోంచి అంబి బోసినవ్వు కూడా కనిపించిందట.

కారు నిదానించింది. ఆగలేదు.

"నాన్నా, వదిన! రోడ్డుమీదే ఉంది!" అన్నాడు సన్యాసి.

"చూశానురా. కానీ మీ అత్త ఏమంది? మధ్యలో ఎక్కడా ఆగొద్దంది. అనకాపల్లిలో, గేటు దగ్గర ఇమ్మంది" అన్నాడు జోగినాయుడన్నయ్య. నూకరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ మాట జవదాటలేదు. అన్నయ్య మాత్రం కిటికీలోంచి మొహం బయటపెట్టి, కోడలికి చెయ్యూపుతూ, కారు దూరమైపోతుంటే గొంతు చించుకుని అరిచాడు.

"అమ్మాయ్! నువ్విక్కడ ఉంటే పాపని ఎవరికివ్వమంటావ్? తొందరగా బస్సెక్కి అనకాపల్లి వచ్చెయ్! మేం గేటు దగ్గర నీకోసం చూస్తుంటాం!"