నారప్ప మరిచిన గూడు

నల్లవాగు అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టొకటి ఉండేది. దాని నిండా గిజిగాళ్లే! ఆకుల కంటే గూళ్లే ఎక్కువ. గాలొస్తే చెట్టు గూళ్లని ఊపేది కాదు, గూళ్లే చెట్టుని ఊపేవి.

ఆ గిజిగాళ్లందరికీ గూడు అల్లడం నేర్పింది నారప్ప. ఆయన ముడి వేస్తే యముడొచ్చినా విప్పలేడు. అలాంటి నారప్పకి ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చింది. కనబడ్డ గూట్లోకల్లా దూరి, "ఇది మా ఇల్లే కదా?" అంటూ పోచలు పీకి మళ్లీ అల్లబోయేవాడు.

వెనకాలే కూతురు ఈనెమ్మ ఎగిరేది. తిండీ నిద్రా లేక ఎంత చిక్కిపోయిందంటే, గడ్డిపోచ చాటున నిలబడితే కనబడేది కాదు.

పక్క కొమ్మ మీద పసుపయ్య ఉండేవాడు. గర్వంతో అతను ముక్కు పైకెత్తితే మబ్బుకి చిల్లు పడేది.

"బాబాయ్, వాగులో గుక్కెడు నీళ్లు తాగొస్తాను. నాన్న నీ గూటికొస్తే, 'అవును, ఇదే, కూర్చో' అను. చాలు," అని ఈనెమ్మ బతిమాలింది.

"ఇవాళ మీ నాన్న, రేపు మీ తాత! ఇది గూడా, సత్రమా?" అన్నాడు పసుపయ్య.

చెట్టంతా కిచకిచా నవ్వింది. తండ్రీకూతుళ్లని చివరి ఎండుకొమ్మకి తరిమేసింది.

ఒక మండుటెండలో ఈనెమ్మ దాహానికి తాళలేక వాగులోకి దిగింది. ముక్కు తడిసిందో లేదో, నారప్ప పసుపయ్య గూటికి చేరాడు.

"ఇది మా ఇల్లే కదా, నాయనా?"

పసుపయ్య పొడిచి పొడిచి తరిమాడు. "చూశారా, ఇలా తరమాలి!" అని తన పిల్లలకి చూపించాడు కూడా. చెట్టంతా చూసింది. ఇటు రమ్మని ఒక్కరూ పిలవలేదు. నారప్ప గాలివాటున ఎటో పోయాడు.

ఈనెమ్మ పొదపొదా వెతికింది. ఆమె పిలుపులకి బదులిచ్చి బదులిచ్చి కొండల గొంతులే బొంగురుపోయాయి. నారప్ప మాత్రం పలకలేదు. వాగులో ఒక ఈక దొరికింది. అంతే.

ఏళ్లు గడిచాయి. పసుపయ్యకీ అదే జబ్బు వచ్చింది. అతని పిల్లలు నేర్చుకున్నది మరిచిపోలేదు. పొడిచి పొడిచి తరిమారు. రెక్కలీడ్చుకుంటూ అతను ఈనెమ్మ ఉండే ఎండుకొమ్మ మీద వాలాడు.

"ఇది మా ఇల్లే కదా?"

ఈనెమ్మ పక్కకి జరిగింది.

"అవును బాబాయ్, ఇదే. కూర్చో."

అతను కూర్చున్నాడు. ఈనెమ్మ వాగు వైపు చూసింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. కానీ ఆమె వెళితే, అతని దగ్గర ఉండేదెవరు?

నీతి: మతి తప్పినవారికి ఊరంతా ఇల్లు కావాలి, వారిని చూసుకునేవారికి ఊరంతా తోడు కావాలి. ఇవాళ మనం పొమ్మన్న గుమ్మంలోనే రేపు మనమూ నిలబడతాం.