రాజబఠాణీ కాపు

కొండల వెనక మెట్టసీమలో తిప్పక్క అనే రైతు ఉండేది. వాన మొహం చాటేసినా, ఆమె చిన్న బఠాణీలు మంచుకే కాపు కాసేవి.

ఒక ఏడు సేద్యాధికారి భైరవయ్య రాజబఠాణీ అనే కొత్త విత్తనం తెచ్చాడు. ఇది రెండింతలు పండుతుందనీ, ఇకమీదట అందరూ నాటు విత్తనం మాని తన గాదె నుంచే తీసుకోవాలనీ చాటించాడు. తిప్పక్క ఒప్పుకోలేదు. రాజు ఆమె చేలోనే పక్కపక్కన రెండు మడులు విత్తించి, ఎక్కువ పండినదే నిలుస్తుందన్నాడు.

ఆ మూడు నెలలూ చినుకు రాలలేదు. భైరవయ్య మనుషులు కావలి పేరుతో తమ మడి చుట్టూ తడికలు కట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

కోతనాడు రాజు వచ్చి తడికలు తీయించాడు. తిప్పక్క గింజలు రెండు కుంచాలయ్యాయి. రాజబఠాణీలు నాలుగు.

"ఇంకేమంటావు?" అన్నాడు భైరవయ్య మీసం దువ్వుతూ.

తిప్పక్క అతని మడిలోకి దిగి, గుప్పెడు తుంగ పీకి రాజు చేతికిచ్చింది.

"ఓడిపోయాను ప్రభూ. చినుకు లేని నేలలో ఈ విత్తనం చెరువుగట్టు తుంగను మొలిపించింది. ఇన్ని నీళ్లు తెచ్చే గింజను చేలో చల్లడమెందుకు? మా ఊరి బావి ఎండిపోయింది. అందులో ఓ గుప్పెడు వేయించండి."

రాజు తుంగవేళ్లు నలిపి చూశాడు. అతని చేతికి తడిమట్టి అంటుకుంది. భైరవయ్య చెయ్యి మీసం మీంచి దిగింది.

"నువ్వే వెయ్యి భైరవయ్యా," అన్నాడు రాజు. "నీళ్లు పడేదాకా బావి పని వదలొద్దు. గింజలతోపాటు పార కూడా తీసుకెళ్లు."

ఆ ఎండాకాలమంతా తిప్పక్క తన చిన్న బఠాణీలు వేయించి, రోజూ ఓ దోసెడు బావి దగ్గరికి పంపింది. తవ్వేవాడికి ఆకలేస్తుంది కదా.