నేల తిన్న ఉత్తరీయం

ఏలపర్తి రాజు నాగభూపాలుడికి గుర్రాల పిచ్చి పట్టుకుంది. అంతకు ముందేడు పావురాల పిచ్చి, ఆ ముందేడు గాలిపటాల పిచ్చి. వాటివల్ల ఎవరికీ పోయిందేమీ లేదు. గుర్రాలు అలా కాదే, వాటికి పరుగెత్తడానికి చోటు కావాలి.

"ఊరి పక్కనే ఉండాలి. పండే నేల వద్దు. చచ్చిన నేల ఏదైనా ఉంటే చూపించండి" అన్నాడు రాజు కొలువులో.

తోటల అధికారి పరాంకుశం ఆ మాట కోసమే కాచుక్కూచున్నట్టు లేచాడు. ఊరి పక్కన కాలువ మొదట్లో అంకమ్మ అనే ఆవిడకు రెండెకరాల చెక్క ఉంది. దాన్ని ఆనుకునే పరాంకుశం పొలం. కాలువ నీళ్లు ముందు ఆవిడకు పారి, ఆ తర్వాతే తనకు రావడం ఆయనకు కంట్లో నలుసుగా ఉంది. అందుకని ఆవిడది పాలిపోయిన ఎర్రమన్ననీ, అందులో ప్రాణం లేదనీ, నేలంటే తనదేననీ, కాటుకలా నిగనిగలాడుతుందనీ మీసం దువ్వుతూ చెప్పుకొచ్చాడు.

ఆ కాటుక సంగతి మనలో మనం చెప్పుకోవాలి. పరాంకుశానికి పేడ కంపు గిట్టదు. ఆకూ అలమూ కుళ్లే వాసన అసలే గిట్టదు. అంచేత కట్టెలు కాల్పించి, బొగ్గులు దంపించి, ఆ పొడి పొలమంతా చల్లించి దున్నించాడు. చూసినవాళ్లు ఆహా ఏం రేగడి అనుకునేవాళ్లు. పైన పటారం, లోన లొటారం.

కబురు తెలిసి అంకమ్మ పరుగున వచ్చింది. మొగుడు పోయాక ఆ చెక్క మీదే ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. ఏటా జీలుగ చల్లి, పూత పట్టే వేళకు పచ్చిగానే దున్ని మట్టిలో కలిపేస్తాననీ, పేడ గంపెడు దొరికినా అక్కడికే మోస్తాననీ, ఆ నేల పోతే తాను పోయినట్టేననీ కళ్లనీళ్లు పెట్టుకుంది. రాజు ఇబ్బందిగా కదిలాడు. మనిషికైతే నాడి చూస్తారు, నేలకు ఎవరు చూస్తారు?

రాజుగారి బట్టల కొట్టుగది చూసే సిద్దయ్య వెనకాల నిలబడి అంతా వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా గుడ్డలతోనే ఆయన బతుకు. ఏ గుడ్డ ఎక్కడ పడితే ఎన్నాళ్లు మన్నుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంకమ్మ ఏడుపు చూడలేకపోయాడు. ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారు మండలం రోజులు గడువిస్తే, నేలచేతనే చెప్పిస్తాను ప్రభూ."

ఉపాయం చిన్నదే. ఒకే మగ్గం మీద నేసిన రాజుగారి నూలు ఉత్తరీయాలు రెండు. ఒకటి అంకమ్మ చెక్కలో, ఒకటి పరాంకుశం పొలంలో జానెడు లోతున పాతాలి. రెండు చోట్లా రోజూ తడపాలి, రాజభటులు కాపలా ఉండాలి. నలభై రోజుల తర్వాత తవ్వి చూసి, చచ్చిన నేల ఎవరిదని తేలితే అందులో గుర్రాలు. పరాంకుశం నవ్వుకుంటూ ఒప్పుకున్నాడు.

బయటికి రాగానే అంకమ్మ సిద్దయ్యను పట్టుకుంది.

"అన్నా, నా నేలలో పాతితే గడ్డిపోచ కూడా మిగలదు. రాజుగారి బట్ట పాడైతే నన్ను బతకనిస్తారా?"

సిద్దయ్య ఆమెను నోరు మెదపొద్దన్నాడు. అన్నాడే గాని, నలభై రోజులూ ఆయనకూ కంటిమీద కునుకు సరిగా లేదు.

గడువు తీరింది. రాజు స్వయంగా వచ్చాడు. ముందు పరాంకుశం పొలంలో తవ్వారు. ఉత్తరీయం మసిబారి ఉందిగాని, ఒక్క పోగు చెడలేదు. అంకమ్మ చెక్కలో తవ్వితే వానపాములు గుట్టగా బయటపడ్డాయి. గుడ్డ మాత్రం లేదు. జల్లెడ పట్టినట్టు వెతికితే చివికిన పీలికలు నాలుగు దొరికాయి, అంతే. అంకమ్మ ముఖం పాలిపోయింది.

పరాంకుశం ఉత్తరీయాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. "చూశారా ప్రభూ, నా నేల మర్యాద! రాజుగారి సొత్తని గౌరవించి, నలభై రోజులు పోగు కూడా ముట్టలేదు. ఆవిడ నేల తిని కూర్చుంది."

సిద్దయ్య వినయంగా అడిగాడు. "ఏమీ ముట్టలేదని తమరు ఖాయంగా చెబుతున్నారా అయ్యా?"

"ఖాయంగా! ఇంత కూడా ముట్టలేదు."

"మరి నలభై రోజులు ముందు విస్తరి పెట్టినా మెతుకు ముట్టనివాణ్ణి బతికున్నాడంటారా, పోయాడంటారా?"

పరాంకుశం ఎత్తిన ఉత్తరీయాన్ని దించేశాడు. రాజు పకపకా నవ్వాడు.

అప్పుడు సిద్దయ్య విడమర్చి చెప్పాడు. నేలకూ ఆకలుంటుంది. పేడ, పచ్చి ఆకు త్వరగా కుళ్లేవి కాబట్టే మట్టిలోని పురుగూ పుట్రా వాటిని తిని అరిగించుకుంటాయి, ఆ అరిగిందే పైరు నోటికి అందుతుంది. అలా తిని బలిసిన నేల కాబట్టే నూలు గుడ్డనూ వదల్లేదు. బొగ్గు వందేళ్లయినా కుళ్లదు, అది రంగుకే గాని కడుపుకు రాదు. రాజు వంగి పరాంకుశం పొలంలో మన్ను పిడికెడు తీసి నలిపాడు. అరచేయంతా మసి అయింది.

అంకమ్మ చెక్క ఆమెకే తరతరాలకూ శాసనం రాసిచ్చాడు. చేతి కంకణం తీసి సిద్దయ్యకు తొడిగాడు. తల దించుకున్న పరాంకుశాన్ని మాత్రం దగ్గరికి పిలిచి భుజం తట్టాడు.

"దిగులు పడకయ్యా. రేపటినుంచి మన గుర్రాలన్నీ నీ పొలంలోనే పరుగెడతాయి. పరుగెత్తుతూ అవి వదిలిందంతా నీ నేలకే. మూడేళ్లు ముక్కు మూసుకుని ఓర్చుకున్నావంటే, నీ నేలకూ ఆకలి పుడుతుంది."

పరాంకుశం చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. అది చూసి అంకమ్మతో సహా అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.